చాపెల్ మెట్టెక్కే ముందు

నాకు కుదురుగా కూర్చోవడం రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. "కాళ్ళకు గిరకలున్నయానే నీకు" అని మా అమ్మ తిట్టని రోజు లేదు. అలాంటిదాన్ని పోయి పోయి ఎం.ఏ. కౌన్సెలింగ్‌లో చేరాను, అదీ ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో. ఎదుటి మనిషి మాట్లాడకపోతే మనమూ నోరు మూసుకుని ఓపిక పట్టడమే ఆ చదువులో సగం. మిగతా సగం బుధవారం పొద్దున చాపెల్లో కళ్ళు మూసుకుని కూర్చోవడం. రెండూ నాకు చేతకాలేదు.

సిరిసిల్లలో డిగ్రీ అయిపోయాక అక్కడ సీటు వచ్చింది, హాస్టల్ ఇచ్చారు. మా వీధిలో అందరూ పద్మశాలీలే. సీటు సంగతి తెలియగానే ఒక్కొక్కరూ మా గడప ముందు ఆగి అడగడం మొదలుపెట్టారు. "కిరస్తానపోళ్ళ కాలేజీలకు పిల్లను పంపుతవా?" అని. నాన్న పోయినప్పటి నుంచి అమ్మకు నేనొక్కదాన్నే, నాకు అమ్మ ఒక్కతే. అయినా ఆమె జంకలేదు. "సదువుకు మతమేంది? నా బిడ్డ మనసు డాక్టరైతది" అని వాళ్ళ నోళ్ళు మూయించింది. మనసు డాక్టర్ కాదమ్మా అని నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ పేరే వీధంతా ఖాయం చేసింది.

యూనివర్సిటీ నాకు నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. లెక్చరర్లు పేరు పెట్టి పిలిచేవాళ్ళు. క్లాసులో ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకరు కష్టం చెప్పుకునేవాళ్ళుగా, ఒకరు వినేవాళ్ళుగా నటించాలి. నేను వినేదాన్నైతే అంతే సంగతులు. అవతలి అమ్మాయి వాక్యం పూర్తయ్యేలోపు సలహా చెప్పేసేదాన్ని. విలువల విద్య అని ఒక పేపర్ ఉండేది, అందులో మాత్రం వాదించి వాదించి మంచి మార్కులే తెచ్చుకున్నాను. చాపెల్‌కు ఏ మతం వాళ్ళైనా రావాలి, అది నియమం. కానీ మారమని నన్ను ఎవరూ ఒక్కనాడూ అడగలేదు. ఈ మాట మా వీధిలో ఎన్నిసార్లు చెప్పినా నమ్మిన పుణ్యాత్ములు లేరు. చాపెల్లో పాటలు బాగుండేవి. పాట ఆపి "మౌనంగా ప్రార్థించుదాం" అనేసరికి నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఒక కన్ను తెరిచి ఫ్యాన్ రెక్కల వైపు చూస్తూ గడిపేదాన్ని.

చివరి సెమిస్టర్ మొత్తం ఫీల్డ్ వర్క్. ఎవరి జిల్లా వైపు వాళ్ళను పంపారు. నాకు జగిత్యాలలో ఒక ఆసుపత్రి, అందులో మందుల గది పక్కన చిన్న కౌన్సెలింగ్ గది. ఉండడానికి కోరుట్లలో ఆడపిల్లల హాస్టల్. మా పనిని చూసే మేడం ఇల్లు కూడా కోరుట్లలోనే. రోజూ కోరుట్ల నుంచి జగిత్యాలకు, సాయంత్రం మళ్ళీ కోరుట్లకు, సెలవు దొరికితే వేములవాడ మీదుగా సిరిసిల్లకు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, నాలాంటి తిరుగుబోతుకు అంతకంటే ఏం కావాలి! "నువ్వు ఉద్యోగానికి పోతున్నవా, బస్సుల కాపురముంటున్నవా?" అని ఒక కండక్టరమ్మ అడగనే అడిగింది.

ఆసుపత్రి గదిలో నా తీరు మారలేదు. మనిషి మాట ఆపితే చాలు, నేను మంచినీళ్ళ సీసా అందించేదాన్ని. బీర్పూర్ నుంచి వచ్చిన ఒక బీడీలు చేసే ఆవిడ నా ఎదుట కూర్చున్నంతసేపూ మొహమాటానికి తాగుతూనే ఉంది. చివరికి "మాట తర్వాత చెప్త గనీ బిడ్డా, ముందు బాత్రూమెక్కడ?" అంది. మేడంకు ఈ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మనిషి సప్పుడు జేయకుంటే నీకు బయమైతదా?" అని అడిగింది. భయం కాదు మేడం, చిరాకు అన్నాను. నిజానికి రెండూ.

ఆ మేడం పుట్టి పెరిగింది కోరుట్ల పక్క పల్లెలో. క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మ ఇప్పటికీ నాట్లకు పోతుంది. నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండో వాక్యానికి మన భాషలోకి వచ్చేసేది. నన్ను సమర్పణ ఆరాధనలో ప్రతిజ్ఞ చదవడానికి ఎంపిక చేసింది కూడా ఆమే. చదువు ముగిసేటప్పుడు మా యూనివర్సిటీలో ఆ కార్యక్రమం ఉంటుంది. చివరి ఏడాది వాళ్ళంతా తెల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని చాపెల్ మెట్టెక్కుతారు. నేర్చుకున్న విద్యను మనుషుల కోసం వాడతామని మాట ఇస్తారు. పాస్టర్ గారు తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు. ఒక్కో కోర్సు తరఫున ఒక్కరు మైకు దగ్గర ప్రతిజ్ఞ చదువుతారు. మా కోర్సుకు నేను. నోరు ఊరుకోని నాకు ఇంతకంటే గౌరవం ఎక్కడ దొరుకుతుంది? రిహార్సల్‌కు క్యాంపస్‌కు పిలిస్తే ఎగురుకుంటూ పోయాను. స్నేహితురాలు ఫొటో తీసింది. చాపెల్ మెట్టు మీద నేను, తెల్లచీర, చేతిలో కొవ్వొత్తి, వెనకాల శిలువ. బాగా పడ్డాను. వెంటనే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాను.

మా వీధి వాళ్ళు ఆ ఫొటోను ఎట్లా చూస్తారో ఆ క్షణం నాకు తట్టనేలేదు. తెల్లచీర, కొవ్వొత్తి, శిలువ! ఇంకేముంది, బాప్తిస్మమే. అమ్మ దగ్గర బటన్ల ఫోను. అమ్మ పనిచేసే బట్టల కార్ఖానాలో ఆమె పక్కన ఉండే ఒకావిడ తన ఫోనులో ఆ ఫొటో చూపించింది. సాయంత్రానికి నాకు కాల్ వచ్చింది.

"గా మెట్టెక్కినవా?" అంది అమ్మ.

"అది రిహార్సల్ అమ్మా, ఉత్తగనే."

"గా రోజు నిజంగ ఎక్కుతవా?"

"ఎక్కుత. ప్రతిజ్ఞ చదివేది నేనే. మతం మారుడు గాదమ్మా, చదువు అయిపోయిందని జేసే..."

"ఎక్కితే నువ్వు నాకు బిడ్డవే గావు."

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

సెలవు రాగానే సిరిసిల్లకు పరుగెత్తాను. తలుపు తీసింది, పళ్ళెంలో అన్నం పెట్టింది, నాతో మాత్రం ఒక్క మాట లేదు. చెప్పాల్సింది ఉంటే గోడకు చెప్పింది. "కూర గిన్నెల ఉన్నది, ఏస్కొమ్మను." "నీళ్ళు అచ్చినయ్, తానం జేయమను." ఆ గోడకు నోరుంటే నాతో కలిసి ఏడ్చేది. నేను అరిచాను, బతిమాలాను, పళ్ళెం పక్కకు నెట్టాను. అమ్మ కొంగు సర్దుకుని కార్ఖానాకు వెళ్ళిపోయింది. నేను మధ్యాహ్నం బస్సెక్కి తిరిగి వచ్చేశాను. మరో ఆదివారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ గోడతోనే మాటలు.

కోరుట్లలో ఇక కుదురన్నది పూర్తిగా పోయింది. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కదు. జగిత్యాల బస్టాండులో దిగి, ఆసుపత్రికి పోకుండా సిరిసిల్ల బస్సు ఎప్పుడుందని అడిగి, మళ్ళీ ఆసుపత్రికి పోయేదాన్ని. ఒకరోజు పొద్దున్నే మేడం ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను.

"ఎక్కుడు తప్పనిసరి గాదు బిడ్డా" అంది ఆమె. "వేరే మతపోళ్ళు కింద బెంచిల కూసోవచ్చు. ఎవ్వరు ఏమనరు. ప్రతిజ్ఞ ఇంకొకరు చదువుతరు."

సమస్య తీరిపోయింది కదా, సంతోషించాలి కదా? నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు కూర్చోవాలి? రెండేళ్ళు చదివింది నేను. బీర్పూర్ ఆవిడకు నీళ్ళు తాగించి తాగించి, చివరికి ఆమె ఏడుస్తుంటే సీసా ముట్టకుండా కూర్చోవడం నేర్చుకున్నది నేను. ఆ మెట్టు మీద నిలబడి మాట ఇచ్చేది నా చదువుకు, మతానికి కాదు. "నేనే చదువుత" అన్నాను. అన్న మరుక్షణమే అమ్మ ముఖం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

"పోనీ నేనచ్చి మీ అమ్మకు చెప్పాల్నా?" అంది మేడం.

"అయ్యో, మీరొస్తే ఇంకేమన్న ఉన్నదా మేడం! బైబిల్ పట్టుకొని ఇంటికే అచ్చిండ్రంటరు."

మేడం నొచ్చుకుందేమో తెలియదు. చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, "నువ్వే పో. పోయి మీ అమ్మ చెప్పేది ఇను" అంది. చెబితే కదా వినడానికి అని గొణుక్కుంటూ బయటికి వచ్చాను.

ఆరాధనకు ఇంకో వారమే ఉంది. నేను సెలవు పెట్టి సిరిసిల్ల వెళ్ళాను. ఇంటికి తాళం. అమ్మ పనిలో ఉంది. సాయంత్రం దాకా గడప మీద కూర్చునే ఓపిక నాకెక్కడిది? నేరుగా కార్ఖానాకే నడిచాను.

మా దగ్గర పవర్‌లూమ్‌లను సాంచాలు అంటారు. రెండు వరుసల సాంచాలు ఒకేసారి నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే కార్ఖానాలో ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదాలు కదుపుతారు, ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. ఈ చివరి నుంచి ఆ చివరికి అట్లాగే ముచ్చట్లు నడుస్తాయి. నాకూ చిన్నప్పుడే వచ్చేసింది. ఇంకో సంగతి, లోపల అలకలు చెల్లవు. పోగు తెగితే పగవాడికైనా చెప్పి తీరాలి, లేకపోతే బట్ట పాడవుతుంది. బయట ముఖాలు చూసుకోని అన్నదమ్ములు కూడా లోపల మాట్లాడుకుంటారు. నేను దాన్ని నమ్ముకునే వెళ్ళాను.

అమ్మ మూలన కండెలు చుడుతోంది. సాంచాలకు కావలసిన నూలును చిన్న కండెల మీదికి ఎక్కించే పని. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. తలెత్తి చూసింది. ఇక్కడ గోడకు చెప్పడం కుదరదు.

"ఎందుకచ్చినవ్?" అన్నాయి ఆమె పెదాలు.

"ఎందుకు మాట్లాడుతలేవో చెప్పు" అన్నాను నేను, అట్లాగే, శబ్దం లేకుండా. "నేను మారలేదు. ఒట్టు. ఇంకేం గావాలె నీకు?"

అమ్మ చాలాసేపు చేతిలో కండెను తిప్పుతూ ఉండిపోయింది. నేను ఆగాను. ఎట్లా ఆగానో నాకే తెలియదు. చివరికి ఆమె పెదాలు కదిలాయి.

"నేను సస్తే నాకు కొరివి ఎవ్వలు పెడ్తరు?"

అమ్మకు యాభై ఏళ్ళు కూడా లేవు.

"మీ పెద్దనాయిన సచ్చిననాడు సూసినవ్ గదా" అంది. "కొడుకు మతం మారిండు. కాష్టం కాడికి అచ్చి దూరం నిలవడ్డడు. కొరివి ముట్టలే. ఎవ్వలో దూరపు పాలోనితోని పెట్టిచ్చిండ్రు. నాకు గట్ల అద్దు. నాకు నువ్వు తప్ప ఎవ్వలున్నరే?"

ఇన్ని రోజులుగా నేను ఎన్ని వాదనలు సిద్ధం చేసుకున్నానో! మతం అంటే ఏమిటి, చదువు అంటే ఏమిటి, రాజ్యాంగం ఏం చెబుతుంది, అన్నీ. ఒక్కటీ పనికి రాలేదు. ఆమె భయపడ్డది దేవుడి గురించి కానే కాదు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"నేనే పెడ్త అమ్మా" అన్నాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. లేచి నిలబడింది. నా గడ్డం పట్టుకుని, నా ముఖాన్ని సాంచాల వైపు తిప్పింది. అప్పుడు చూశాను. సాంచాల దగ్గర ఉన్నవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, అందరూ మా వైపే చూస్తున్నారు. అమ్మ పెదాల మీద మాట ప్రతిదీ వాళ్ళకు అందింది. అమ్మకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. ఇంట్లో అడగకుండా ఇక్కడ అడిగింది అందుకే, నా మాటకు నలుగురూ సాక్షులుండాలని. ఫొటో చూపించిన ఆవిడ కూడా అక్కడే ఉంది.

"ఇప్పుడు చెప్పు" అంది అమ్మ.

నేను నోరు పెద్దగా తెరిచి, చివరి సాంచ దగ్గరున్న ముసలాయనకు కూడా కనిపించేట్టు చెప్పాను. "మా అమ్మకు కొరివి నేనే పెడ్త. ఏ బట్ట కట్టినా, ఏ మెట్టెక్కినా, నేనే పెడ్త."

ముసలాయన సరే అన్నట్టు చెయ్యెత్తి, తెగిన పోగు వైపు తిరిగాడు. ఫొటో చూపించిన ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను అక్కడే నిలబడి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. నా చెవికి నోరు ఆనించి, ఆ రొదలోనే, ఈసారి గొంతుతో అంది.

"ఇగ పో. ఎక్కు. నేనచ్చి ముందట కూసుంట."