భుజం నొప్పికి నేను కట్టిన లెక్క

మా మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాల్లో తూకం బల్ల నాది. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, బెల్టు మీద పెట్టెలు వస్తుండగానే ఎన్ని నిండాయో, లారీకి ఇంకా ఎన్ని కావాలో నోటితోనే చెప్పేసేదాన్ని. ఎవరూ నేర్పలేదు. సూపర్‌వైజరు మొదట్లో క్యాల్కులేటర్ తీసి సరిచూసుకునేవాడు, తర్వాత తీయడం మానేశాడు. లైన్లో నిలబడే ఆడవాళ్ళలోంచి ఆ బల్ల దగ్గరికి చేరినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే పై వరస నుంచి జారిన పెట్టెను కుడిచేత్తో ఒడిసిపట్టి భుజం పాడు చేసుకున్న రోజున, చెయ్యి కంటే ముందు బల్ల గురించి దిగులు పడ్డాను.

ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, ఎముకకేమీ కాలేదు, లోపల కండరం కొంత చిరిగిందన్నారు. కొన్నాళ్ళు విశ్రాంతి, ఆ తర్వాత ఫిజియోథెరపీ. సెలవు అయ్యేలోపు పెట్టెను భుజం ఎత్తుకు లేపగలిగితే బల్ల మళ్ళీ నాకే. లేకపోతే ఇంకొకరికి. కంపెనీ డాక్టరు అంతే చెప్పాడు. అప్పటిదాకా నా చోట, లైన్లో నా బల్ల పక్కనే నిలబడే, చిట్కుల్ ఊరి నుంచి వచ్చే పిల్లను కూర్చోబెట్టారు. రెండో రోజే ఇంటికి ఫోన్ చేసింది.

"అక్కా, జల్దీ రా. క్యాల్కులేటర్ కొట్టేలోపు పెట్టెలు ఉరుకుతున్నయి. సార్ నా దిక్కు గుడ్లురిమి చూస్తుండు."

"సార్‌ని చూడకు, పెట్టెల్ని చూడు పిల్లా."

"చూస్తనే ఉన్న. అవి నా దిక్కు చూస్తలేవు."

ఫిజియోథెరపిస్టు గది హైవే పక్కన, టైల్స్ దుకాణం పైన. ఆమె తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆమె పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం వాళ్ళింటిదే. భుజానికి కరెంటు పెడతారేమో అనుకుని వెళ్ళాను. చాప మీద వెల్లకిలా పడుకోమంది. మోకాళ్ళు మడిచి, పక్కటెముకలు విచ్చుకునేలా ఊపిరి తీసుకోమంది. దీన్ని పిలాటీస్ అంటారట.

"పండుకునుడు ఇంట్ల గూడ చేస్త కద మేడం?"

"చెయ్యండి చూద్దాం. భుజాలు చెవుల దాకా లేవకుండా ఊపిరి తీసుకోండి."

చాలాసేపు నాకది రాలేదు. భుజాలు వాటంతటవే పైకి లేచాయి. ఇన్నేళ్ళుగా నేను వాటిని ఎక్కడ పెట్టుకుని బతుకుతున్నానో అప్పుడే తెలిసింది.

గదిలో స్ప్రింగులు తగిలించిన జారుడు బల్ల ఒకటి ఉంది. దాని మీద పడుకుని, చేతుల్లో పట్టీలు పట్టుకుని లాగితే బల్ల మెల్లగా కదులుతుంది. లాగేటప్పుడు ఎంత నెమ్మదో, వదిలేటప్పుడూ అంతే నెమ్మదిగా రావాలి. ఏ స్ప్రింగు తగిలించాలో ఆమె నన్నడిగే నిర్ణయించేది. "నొప్పి పదికి ఎంతుందండీ? మూడు దాటితే ఆపేద్దాం."

అంకె అడిగేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. "రెండు," అన్నాను. అబద్ధం చెప్పలేదు. తూకం బల్ల మీద ఎలా చేస్తామో అలాగే చేశాను. ముందు ఖాళీ పెట్టెను పెట్టి, బటన్ నొక్కి, సున్నాకు తెస్తాం. ఆ తర్వాతే సరుకు. పెట్టె బరువు లెక్కలోకి రాకూడదు. డ్యూటీ చేసే ప్రతి ఆడదాని భుజంలోనూ సాయంత్రానికి ఒక సలుపు ఉంటుంది. నాకది ఏళ్ళ తరబడి ఉంది. దెబ్బతో వచ్చింది కాదు. అందుకని దాన్ని తీసేసి, దెబ్బ నొప్పి ఎంతో అంతే చెప్పాను. వెళ్ళిన ప్రతిసారీ అలాగే చెప్పాను. ఆమె సంతోషించి కొంచెం గట్టి స్ప్రింగు తగిలించేది. సెలవు పూర్తికాకముందే తూకం బల్ల దగ్గరికి వెళ్ళిపోతానని ఇంట్లో చెప్పేశాను కూడా.

ఒకరోజు పట్టీ లాగుతుండగా భుజం నుంచి మోచేతి దాకా మంట పాకింది. పట్టీ చేతిలోంచి జారిపోయి, జారుడు బల్ల ఠంగున వెనక్కి కొట్టుకుంది. మర్నాడు తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

"రెండని చెప్తూ వచ్చారు. ఇవాళ ఎనిమిదంటున్నారు. మధ్యలో ఏమైనా బరువు లేపారా?" అని అడిగింది ఫిజియోథెరపిస్టు.

"లే మేడం. మొన్న గూడ ఆరుండె. రోజూ ఉండేది తీసేసి చెప్పిన."

"తీసేశారా?"

"డ్యూటీ నొప్పి మేడం. గది అందరికీ ఉంటది కద. గది గూడ కలుపుతరా?"

ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "కలపాలండీ. మీకున్నది ఒకటే భుజం. పాతదీ కొత్తదీ అదే మొయ్యాలి. రెండని మీరంటే ఎందులో రెండో నేనూ అడగలేదు. అది నా పొరపాటు."

మళ్ళీ చాప దగ్గరికి వచ్చాను. అన్నిటికంటే తేలిక స్ప్రింగు, గోడకు వేళ్ళతో పాకడం, ఊపిరి. ఇప్పుడు మొత్తం చెప్పేదాన్ని. మొదట్లో నాలుకకు అలవాటు కాలేదు, పెద్ద అంకె చెబితే సిగ్గేసేది. భుజం నిదానంగా మాట వింటోంది, కానీ సెలవు దాని కోసం ఆగలేదు.

పరీక్ష రోజున చిట్కుల్ పిల్ల డాక్టరు గది బయట నన్ను పట్టుకుంది. "అక్కా, నొప్పి లేదని చెప్పు. ఒక్క నిమిషం పని. పరేషాన్ కాకు."

లోపల పెట్టె లేపాను. భుజం దాకా వచ్చింది. చెయ్యి వణికింది కానీ వచ్చింది.

"నొప్పుందా? ఎంత?" అన్నాడు డాక్టరు.

పాత పద్ధతిలో అయితే ఒకటి. నోటి చివరిదాకా వచ్చింది. "అయిదు సార్," అన్నాను.

బరువులు లేపకూడదని రాశాడు. బల్ల ఆ పిల్లకు ఖాయమైంది. నన్ను లేబుళ్ళు సరిచూసే గదిలో వేశారు.

"మంచిపని చేశారు. అబద్ధం చెప్పి ఉంటే మళ్ళీ చిరిగేది," అంది ఫిజియోథెరపిస్టు. నిజమే. ఇప్పుడు పై అర మీది డబ్బాలు అందుకోగలుగుతున్నాను. ఆ సాయంకాలపు సలుపు కూడా చాలావరకు తగ్గింది. అది తగ్గేదని నాకు తెలియనే తెలియదు.

ఆ పిల్ల మొన్న చాయ్ వేళకు వచ్చి ఎదురుగా కూర్చుంది. "అక్కా, సార్‌ని అడుగుదమా? నువ్వు మంచిగైనవు కద. నేను లైన్లకే పోత."

"ఊకో. నువ్విప్పుడు క్యాల్కులేటర్ లేకుంటనే చెప్తున్నవంట."

"నువ్వు చెప్పినట్టే చెప్తున్న," అని తల వంచుకుంది.

ఆమె వెళ్ళాక కూడా చాలాసేపు ఆ లెక్కే వేసుకుంటూ కూర్చున్నాను. మొదటి రోజే మొత్తం చెప్పి ఉంటే తేలిక స్ప్రింగుతోనే మొదలయ్యేది, భుజం మళ్ళీ దెబ్బతినేది కాదు, సెలవు ముగిసేలోపే పెట్టె వణక్కుండా లేచేది. ఎటు నుంచి వేసినా అదే వస్తోంది.