వణకకుండా ఉంటే చాలు

మా పిల్లవాడికి మొదటిసారి హెర్నియా ఆపరేషన్ చేసినప్పుడు, మత్తు దిగుతుండగా వణికాడు. అలాంటిలాంటి వణుకు కాదు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి, మంచం కూడా కదిలింది. మా అత్త మూర్ఛ అనుకుని, మొలలో దోపుకున్న తాళంచెవుల గుత్తి లాగి వాడి చేతిలో పెట్టింది. మూర్ఛ వస్తే ఇనుము పట్టించడం మా వైపు అందరూ చేసేదే. నేనూ వాడి వేళ్లు మూసి గట్టిగా పట్టుకున్నాను.

"ఇది ఫిట్సు కాదమ్మా, చలి. లోపల ఏసీ, దానికి తోడు మత్తు. ముందు ఆ ఇనుము తీయండి, ఐసు మాదిరి ఉండాది," అని నర్సు కసిరి, వెచ్చటి దుప్పటి తెచ్చి కప్పింది. కాసేపటికి వాడి వణుకు తగ్గింది. నా భయం తగ్గలేదు.

పోయిన ఎండాకాలం రెండో పక్కా హెర్నియా వచ్చింది. మళ్లీ కోలారు, మళ్లీ అదే ఆసుపత్రి. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు మత్తు డాక్టరుకూ తెలిసింది. వీడు మళ్లీ వణికితే ఏం చేస్తారని నిలదీశాను. ఆయన కోప్పడలేదు.

"సెలైను వెచ్చ చేసే ఎక్కిస్తామమ్మా. లోపలికి తీసుకుపోయేదాకా మీరు కూడా బిడ్డను బాగా కప్పి పెట్టండి," అన్నాడు.

శ్రీనివాసపురం మండీలో మామిడి లారీలు బారులు తీరే కాలం అది. వార్డులో కరెంటు లేదు. వాడికి తిండీ లేదు, నీళ్లూ లేవు. నేను కంబళి కప్పితే వాడు తన్నేస్తాడు, మళ్లీ కప్పుతాను. వాడు ఏడుస్తాడు.

"ఎండకు మనమే ఉడికిపోతా ఉండాము, బిడ్డను మాగేస్తా ఉండావా? మామిడికాయనుకొన్యావా?" అంది అత్త.

"ఇంగ నువ్వు గమ్మునుండత్తా!" అన్నాను.

వాణ్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. నాకు కూర్చుంటే కుదరదు, నిలబడితే కుదరదు. వణకకుండా ఉంటే చాలు, ఇంకేమీ అడగనని గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

బయటికి తెచ్చారు. వాడు వణకడం లేదు. పెదవి కదలడం లేదు, రెప్ప కదలడం లేదు, అసలేదీ కదలడం లేదు. ముక్కు కింద వేలు పెట్టాను. వేలే అదురుతుంటే ఊపిరి ఎలా తెలుస్తుంది? ఒక్కసారి వణకరా నాయనా, పళ్లు కొట్టుకోరా అని వాడి చెవిలో బతిమాలాను.

"నిద్రపోతా ఉండాడమ్మా. ఒళ్లు ఎంత వెచ్చగా ఉండాదో చూడు," అంటూ నర్సు వాడి అరికాలు గోకింది. వాడు కాలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

అప్పుడు ఏడ్చాను, వరండా అంతా వినపడేలా.