ఎడమవైపు లంచ్ బ్యాగు

ఫరీదాబాద్ నుంచి ఢిల్లీ ఆఫీసులకు వెళ్ళే మా చార్టర్డ్ బస్సులో నా పక్క సీటు ఒకావిడది. కాకినాడ మనిషి, కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. కేన్సరుకు ఎడమ రొమ్ము తీసేసినప్పటి నుంచీ లంచ్ బ్యాగును అక్కడే అదిమిపట్టుకుని కూర్చునేది. నేను పట్టుకుంటానన్నా ఇచ్చేది కాదు.

కొన్నాళ్ళకు సెలవు పెట్టి, తన పొట్ట దగ్గరి కండతోనే మళ్ళీ రొమ్ము చేసే ఆపరేషను చేయించుకుని వచ్చింది. అడిగినవాళ్ళకి దాచకుండా చెప్పింది. బ్యాగు మాత్రం అలవాటుగా ఎడమవైపే ఉంది.

ముందు సీట్లోని తెలుగావిడ వెనక్కి తిరిగి, "ఈ వయసులో ఇదంతా ఎందుకండీ? ఎవరు చూడొచ్చారు?" అంది. ఇంకో ఇద్దరు కిసుక్కుమన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు చేసినప్పుడు అయ్యో పాపమన్న నోళ్ళే అవి! ఆడది ఏడుస్తుంటే జాలిపడతారు, కోలుకుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు.

"అచ్ఛా," అంది నా పక్కావిడ తాపీగా. "మొన్న మీవారు పళ్ళు కట్టించుకొస్తే పదేళ్ళు తగ్గారని అందరం మెచ్చుకున్నాం. ఎవరు చూడొచ్చారని అడిగామా? పైగా ఆ పళ్ళు కొన్నవి. ఇది నా ఒంటిదే."

అని, బ్యాగు తీసి నా ఒళ్ళో పెట్టి, సీటుకు చేరగిలబడింది.