ఇసుకలోంచి వచ్చిన దరువు

మూడేళ్ల పాటు నా వినికిడి తగ్గిపోతున్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్లు కుట్టే చిన్న దుకాణం నాది. చేతులు పొడుగ్గా పెట్టమని ఒకావిడ చెబితే పొట్టిగా కుట్టిచ్చాను. "ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని ఆమె అరిచింది. ఆ అరుపు మాత్రం బాగానే వినిపించింది. అప్పటి నుంచి కొలతలన్నీ కాగితం మీద రాయించుకునేదాన్ని. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. ఎవరేమన్నా తలూపి నవ్వేదాన్ని.

మా పై వాటాలో చీరాల నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఉంటుంది. నేను అక్కా అంటాను. పోయిన మాఘమాసంలో ఆమె కాలనీ ఆడవాళ్లను కూడగట్టి, సముద్రానికి వ్యాను మాట్లాడింది. నేను రానన్నాను.

"ఈ వయసొచ్చినా సముద్రం చూడలేదంటే ఎలాగమ్మా? పద" అంది.

పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో వ్యాను ఎక్కి, మధ్యాహ్నానికి తీరం చేరాం. అందరూ ఎంత హోరో అంటుంటే నేను నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అలలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి. నాకు మాత్రం ఎక్కడో దూరంగా బస్సు ఇంజను ఆడుతున్నట్టుంది, అంతే.

సాయంత్రం ఇసుక మీద ఎవరో ఇరవై మంది దాకా గుండ్రంగా కూర్చుని రకరకాల డోళ్లు వాయిస్తున్నారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చట. నెరిసిన జుట్టును ముడేసుకున్న ఒకావిడ నన్ను చూసి, పెద్ద డోలొకటి నా ముందుకు జరిపింది.

"నాకు రాదక్కా. నేనెట్ల కొడత?" అన్నాను టీచరమ్మతో.

"ఎవరికొచ్చు గనక? కూర్చో" అని భుజం పట్టి కూర్చోబెట్టింది.

డోలును మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి ఇసుకలోంచి ఏదో పైకి వచ్చింది. పాదాల్లోంచి పిక్కల్లోకి, అక్కణ్నుంచి పక్కటెముకల్లోకి పాకింది. కళ్లు మూసుకున్నాను. నా చేతులు వాటంతట అవే లేచాయి. వెనక సరుగుడు తోటల్లోకి పొద్దు దిగుతోందని మెడ మీద తగ్గుతున్న వెచ్చదనం చెప్పింది. నేను ఒడ్డున ఉన్నానో నీళ్లలో ఉన్నానో కూడా తెలియలేదు. ఒళ్లంతా తేలుతున్నట్టుంది.

కళ్లు తెరిచేసరికి సముద్రం గులాబీ రంగులో ఉంది. చుట్టూ ఎవరి చేతులూ కదలడం లేదు. అందరూ ఎప్పుడో ఆపేశారు, నేనొక్కదాన్నే కొడుతున్నాను. సిగ్గుతో చేతులు వెనక్కి తీసుకోబోయాను. ఆ నెరిసిన జుట్టావిడ ఆపొద్దన్నట్టు తలూపి, నా దరువే అందుకుంది. ఆమె తర్వాత పక్కామె, ఆ తర్వాత అందరూ. నా దరువు ఇసుకలోంచి తిరిగి నాలోకి వచ్చింది. ఏడుపు ఆగలేదు.

డోళ్లు ఆగాక టీచరమ్మ నా పక్కకు వచ్చింది.

"అక్కా, నాకు చెవులు సరిగ ఇనిపిస్తలేవు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"తెలుసమ్మా. అందుకేగా ఎప్పుడూ నీకు కాస్త వినిపించే కుడి పక్కనే కూర్చుంటాను. నువ్వే చెప్తావని ఆగాను."

వారం తిరక్కుండానే ఆమే నన్ను మూసారాంబాగ్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు నా చెవిలో చిన్న మిషను ఉంది. దుకాణానికి వచ్చేవాళ్లతో "జర ఇటు తిరిగి చెప్పుండ్రి" అని మొహమాటం లేకుండా అంటున్నాను.

ఆదివారాలు పొద్దు వాలే వేళకు ఏడెనిమిది మందిమి మా మేడ మీద చేరుతున్నాం. రంగుల డబ్బాలు, ప్లాస్టిక్ బకెట్లు బోర్లేసి వాయిస్తాం. మొన్న కింది వాటా ఆయన పైకొచ్చి, "ఏందమ్మా గీ లొల్లి?" అన్నాడు. టీచరమ్మ ఆయనకో ఖాళీ డబ్బా ఇచ్చింది. తీసుకోలేదు గానీ, పిట్టగోడకు ఆనుకుని చీకటి పడేదాకా నిలబడ్డాడు.