రేకు ఒలిచిన మాత్రలు

జమ్మలమడుగులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చాలా ఏళ్లు చేశాను. పిల్లలు మాత్రలు మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు, ఆ మాత్రల రేకు పట్టుకుని నేరుగా రండి అని నోరు నొప్పెట్టేదాకా చెప్పేదాన్ని. ఎవరు విన్నారు గనక! ఆ రోజు వచ్చినవాళ్లూ ఉప్పునీళ్లు తాగించే తెచ్చారు. రేకు మాత్రం తేలేదు.

వాళ్లది పెద్దముడియం వైపు పల్లె. ఊళ్లో మాట చెల్లే ఇల్లు. మూడేళ్ల పాప తల్లి భుజం మీద మత్తుగా వాలిపోయి ఉంది. వెంట నాయనమ్మ.

"ఏం మాత్రలమ్మా?" అన్నాను.

తల్లి మొదట అత్త ముఖం చూసింది. "గ్యాస్ మాత్రలు సిస్టర్. నావే. రెండు మింగినట్టుండాది."

"అవేలేమ్మా" అంది అత్త. "ఎండకు సొమ్మసిల్లింది. ఒక సీసా ఎక్కిచ్చండి, పోతాం."

కోడల్ని అత్త ఎదురుగా అడగకూడదని తెలిసీ అడిగాను. చెప్పింది నమ్మాను. పాప ముఖం ఎర్రగా కాలిపోతోంది, నోరు ఎండిపోయింది, కంటిపాపలు పెద్దవయ్యాయి, గుండె పరుగెడుతోంది. గ్యాస్ మాత్రలకు అలా కాదని నాకు తట్టి ఉండాల్సింది. డాక్టరు కూడా ఎండదెబ్బే అనుకుని సెలైన్ పెట్టమన్నారు. ముప్పావు గంట అలా పోయింది.

పాపకు ఫిట్స్ వచ్చాక తల్లి నన్ను మందుల గదిలోకి లాక్కెళ్లింది.

"అక్కా, అవి గ్యాస్ మాత్రలు కావు. కాన్పయినప్పట్నుంచి మనసు బాగలేక ప్రొద్దుటూరులో చూపిచ్చుకుంటాండా. మా అత్తకు తెలిస్తే పిచ్చిదని పుట్టింటికి తరుముతాది. అందుకే రేకుల్లోంచి ఒలిచి, చక్కెర సోంపు డబ్బాలో కలిపి పెట్టినా. ఎన్ని తినిందో తెలీదక్కా."

చెంప పగలగొట్టాలనిపించింది. ఆమె చేతులు పట్టుకుని నిలబడ్డాను.

మనసు కుంగినవాళ్లకు ఇచ్చే ఆ పాతరకం మాత్రలు పెద్దవాళ్లకు మందే. అంత చిన్న ఒంటికి కొన్ని పడినా గుండె దెబ్బ తింటుంది. కడుపులోని మందును పట్టే బొగ్గుపొడి తాగించే సమయం దాటిపోయింది. డాక్టరు ఈసీజీ తీయించి, గుండె లయ నిలబెట్టే సోడా ఇంజక్షన్లు ఎక్కించారు. గీతలు కాస్త దారికొచ్చి మళ్లీ చెదిరాయి. శ్వాస యంత్రం మా దగ్గర లేదు.

అంబులెన్సులో కడపకు బయల్దేరాం. పాప ముఖానికి మాస్కు ఆనించి, దాని గాలిసంచి నొక్కుతూ కూర్చున్నాను. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల వెనక ఇరుక్కున్నాం. అది దాటిన కాసేపటికి గుండె ఆగింది. కడప చేరేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాం. ఏమీ లాభం లేకపోయింది.

ఆ తర్వాత ఎవరొచ్చినా పెద్దవాళ్లను బయటికి పంపి, తల్లిని ఒంటరిగా అడిగేదాన్ని. ఆ పాపకు దాంతో ఏం ఒరిగింది?

కడప ఆసుపత్రి వరండాలో పోలీసు రాసుకుంటూ ఏం మాత్రలని అడిగాడు. తల్లి ఏడుస్తోంది. అత్తే చెప్పింది.

"మనసు మాత్రలు సారూ. సోంపు డబ్బాలో దాస్తాంటాది. నాకు రెండేండ్ల నుంచి తెల్సు. నలుగురికి తెలిస్తే ఇంటి పరువు పోతాదని నేనూ తెలీనట్టే ఉండా."

తల్లి ఏడుపు ఆగిపోయింది.

"నీకు తెల్సా అత్తా?" అంది.