పిలవకుండానే వచ్చిన భటుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా తల మీద పరాచికాలకు కొదవ ఉండేది కాదు. ఒంటికి తగని పెద్ద తల. నూనె పెట్టేటప్పుడల్లా సీసా ఖాళీ అయిందని అవ్వ గునిసేది. ఆ తలే ఒకసారి నన్ను రాజును చేసింది. బడి వార్షికోత్సవానికి అట్టతో చేసిన కిరీటం తక్కిన పిల్లలందరికీ జారిపోయి మెడలో హారమైంది. నాకొక్కదానికే నెత్తిమీద నిలిచింది. తలరాత అంటారే, నా విషయంలో అది తల కొలత.

మాది బెల్లంపల్లి. అక్కడ బాయి అంటే బొగ్గుబాయే. మా బడిలో అప్పటిదాకా నాటకాలన్నీ పెద్ద తరగతుల వాళ్ళవే. ఆ ఏడాది ఆరు, ఏడు తరగతుల పిల్లలతో వేయిద్దామని పట్టుబట్టింది మా పక్కింటి అక్క. పదో తరగతి. అంతకుముందు ఏడాది రాజు వేషం కట్టి, మీసం దువ్వి బడినంతా ఊపేసిన మనిషి. హెడ్మాస్టరు సారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి షరతు పెట్టిండు. పెద్దపిల్లలు నేర్పొచ్చు గానీ తెర దాటి ముందుకు రావద్దు. నాటకం అభాసుపాలైతే చిన్న తరగతులకు మళ్ళీ నాటకం మాటే ఎత్తొద్దు.

ఇక సాయంత్రాలన్నీ బడిలోనే. ఒక్కో పెద్దపిల్లకు ఒక్కో చిన్నపిల్ల జత. నా పాలిటికి అక్క. నడక, చూపు, మాట అన్నీ నేర్పింది. పాపం, తాను చేస్తే పులి నడిచినట్టుండేది, నేను చేస్తే పులికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం తెర లేచింది. పొద్దటి షిఫ్టు దిగి ఇల్లు కూడా చేరకుండా వచ్చిన పిల్లల బాపులు ముందు వరుసల్లోనే కూర్చున్నారు, కనురెప్పల మీద ఇంకా బొగ్గు నలుపుతో. నేను సింహాసనం మీదున్నాను. నా మొదటి మాట "ఎవరక్కడ?" అంతే. ఏ రాజైనా నిద్రలో కూడా అనగలిగిన మాట. అది నాకు రాలేదు. తెర వెనుక నుంచి అక్క అందించింది. చెవికి వినబడింది, నాలుకకు వినబడలేదు. భటుడి వేషం కట్టిన ఆరో తరగతి పిల్ల, రాజు పిలిస్తేనే రావాలని నేర్పారు గనుక, ఈటె పట్టుకుని తెర పక్కనే బొమ్మలా నిలబడిపోయింది.

"రాజు రాత్రి షిఫ్టు చేసొచ్చినట్టుండు, జర పండనియ్యుండ్రి!" అన్నాడు ముందు వరుసలో ఒకాయన. అందరూ గొల్లుమన్నారు. హెడ్మాస్టరు సారు కుర్చీలోంచి లేవబోతున్నాడు. నా కిరీటం మొదటిసారి వదులైనట్టనిపించింది.

అప్పుడు అక్క వచ్చింది. షరతు దాటి, తెర దాటి. ఎవరిదో తువ్వాల తలకు చుట్టుకుంది, చేతిలో ఆ పిల్ల ఈటె. నిరుడు రాజుగా నడిచిన మనిషేనా అనిపించేట్టు, మెడ దించి, వీపు వంచి, ఒక్కొక్క అడుగూ తడిమి తడిమి వేస్తూ వచ్చింది. నా ముందు మోకాలు మోపి, కన్నెత్తకుండా అడిగింది.

"తమరు పిలిచారా, ప్రభూ?"

నేను పిలవలేదు. ఆ సంగతి నాకూ ఆమెకూ తప్ప అక్కడ ఎవరికీ పట్టలేదు. నోరు తెరవకుండానే పిలవగల రాజును చూస్తున్నట్టు సభంతా గప్‌చుప్ అయింది. ఎగతాళి చేసినాయన తలమీది తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత గొప్ప మనిషి వంగిందంటే ఎదుట ఉన్నది రాజే అయ్యుండాలి గదా! జనం నమ్మారు. వాళ్ళ మొహాలు చూసి నేనూ నమ్మాను.

"పిలిచాము," అన్నాను. అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. ఆ తర్వాత ఒక్క మాటా తప్పలేదు.

నాటకం అయ్యాక సారు తెర వెనక్కి వచ్చిండు. ఆయన షరతు ఊసెత్తలేదు. "వచ్చేయేడు చిన్నపిల్లలతోటి ఏం నాటకం ఏస్తరు?" అని మాత్రం అడిగి పోయిండు.

అట్లా ఎట్లా వంగినవక్కా అని అడిగాను. నా మూతి మీది మసి మీసం తుడుస్తూ మామూలుగా చెప్పింది. "బాయిల మా బాపు నడిచేది గట్లనే గదనే. గది భయం గాదు, నెత్తిమీద అంత పెద్ద కొండ ఉన్నదన్న ఎరుక. నీ ముందటికి వచ్చేటప్పుడు గా కొండ నువ్వే అనుకున్న."

ముందు వరుస ఎందుకు మూగబోయిందో అప్పుడు తెలిసింది. వాళ్ళు చూసింది భటుడి నడక కాదు, తమ నడకే. ఏడో తరగతి పిల్లను, అందులోనూ నన్ను, కొండ అనుకున్న మనిషి ఆ తర్వాత నాకు ఇంకొకరు కనబడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో చిన్నపిల్లలు ఏదో చెప్పబోయి మాట తడబడితే, చేతిలో పని పక్కన పెట్టి, కొంచెం ముందుకు వంగి, "పిలిచినవా బిడ్డా?" అంటాను. వాళ్ళ మాట దానంతటదే వస్తుంది. నా నడుం నొప్పి మళ్ళీ తిరగబెట్టిందని మావాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.