పరదా అవతలి గొంతు

గురజాల కోర్టు బంట్రోతు ఇమాం సాహెబ్ నాలుక అబద్ధానికి తిరిగేది కాదు. బలవంతాన తిప్పబోతే కొయ్యబారిపోయేది. ఆ వింత చూసిపోవడానికి మద్రాసు నుంచి ముగ్గురు దొర డాక్టర్లు వచ్చారు. నమ్మకపోతే మీ ఖర్మ. నాకు సరిపడా చదువు బళ్ళో లేదని ఫోర్తు ఫారంలోనే మానేసినవాణ్ణి, నాకు తెలియని సంగతి పల్నాట్లో ఉండదు.

కమీషనరంటే ఏమిటని ఆయన ఒకసారి వకీలు శ్రీనివాసరావుగారిని అడిగాడు.

"లాటిన్ మాట ఇమామూ, ఇంగ్లీషులోకొచ్చింది. అప్పగించి పంపడమని అర్థం. కోర్టు తాను పోలేని చోటికి తన చెవులు అప్పగించి ఒకణ్ణి పంపుతుంది. వాడే కమీషనరు" అన్నారాయన.

నలభైమూడు ఎండాకాలంలో కోర్టు ఆ వకీలుగారినే కమీషనరుగా మాచర్లకు పంపింది. అక్కడ జైనాబ్ బీ మంచాన పడి ఉంది. ఘోషా మనిషి, బోనెక్కదు. ఆమె ఇల్లు తనకు అమ్మిందని పెద్దకొడుకు కరీముల్లా దావా వేశాడు. కాదు, నోటిమాటతో తనకే దానమిచ్చిందని చనిపోయిన చిన్నకొడుకు పెళ్ళాం సాబిరా అంటుంది. ముసలమ్మ అవునంటే సాబిరాకు ఇల్లు, లేకపోతే వీధి. ఆమె పరదా వెనకనుంచి చెప్పాలి. ఆ గొంతు ఆమెదేనని ఆమె సొంత తమ్ముడు దగ్గరుండి సాక్ష్యం పలకాలి. ఘోషా ఇళ్ళలో అదీ పద్ధతి.

పరదా కట్టించమని ఇమాం సాహెబ్‌ను ముందే పంపారు. వకీలుగారూ, ఆ తమ్ముడూ ఎక్కిన, యుద్ధంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు రెంటచింతల దగ్గర ఎండకు ఆగిపోయింది. నేనుంటే బస్సును నెత్తిన పెట్టుకొచ్చేవాణ్ణి. లేను. మధ్యాహ్నానికి ముసలమ్మకు ఎగశ్వాస పట్టింది.

"వచ్చింది కమీషనరేనా?" పరదా వెనకనుంచి గొంతు.

"కాదమ్మా, బంట్రోతును. ఆయన దారిలో ఉండాడు."

"నిన్నెవరు పంపారు?"

"కోర్టోళ్ళు."

"మరింకేంది? ఇనుకో నాయనా. ఇల్లు సాబిరాకిచ్చా. తాళంచెవి నా చేత్తోనే దాని చేతిలో పెట్టా. పెద్దోడికి నేనేం అమ్మలా."

మాటమాటకూ ఊపిరి ఈలవేసింది. ఆ ఈల విన్న ఇమాం సాహెబ్‌కు అనుమానమే లేదు, అది పోయే ప్రాణం గొంతే. బస్సు వచ్చేసరికి లోపల శవానికి స్నానం చేయిస్తున్నారు.

వాయిదానాడు ఆయన బోనెక్కి విన్నదంతా చెప్పాడు. కరీముల్లా వకీలు తాపీగా లేచాడు.

"ఆమె గొంతు అంతకుముందు విన్నావా?"

"లేదండి."

"మాట్లాడింది ఆమేనని చూశావా? కోడలే గొంతు మార్చి చెప్పి ఉండొచ్చుగా?"

బయట గూడుబండిలో సాబిరా కూచుని ఉంది. ఇమాం సాహెబ్ ఆ బండి వైపు చూశాడు. చానాసేపు చూశాడట.

"చూడలేదండి" అన్నాడు.

దావా కరీముల్లా గెలిచాడు. సాబిరా మూటా ముల్లె కట్టుకుని నూజెండ్లలో దూరపు చుట్టాల పంచన చేరింది. ఆ తర్వాత మాచర్ల సమన్లు ఇంకొకరికివ్వమని ఇమాం సాహెబ్ గుమాస్తాలను బతిమాలుకునేవాడు. వినోదం చూడండి, ఊరు మాత్రం ఆయనకు కమీషనరని పేరు పెట్టింది. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు.

నేనూరుకుంటానా? "కమీషనరు మామా, ఒక్క అబద్ధమాడితే ఆ పిల్లకు ఇల్లు దక్కేది. సత్యానికి నిలబడ్డావు, నీకు గుడి కట్టాలి" అన్నాను.

ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సత్యం లేదు, ఏం లేదురా. చూశావా అనడిగారు. చూళ్ళా."